అంగడి డబ్బా నుండి వీధిగోడ వరకు

“ఇదియు ఒక చిత్రమేనా? ఇట్టిది మా మనుమడును గీయగలడు.” ఇటీవలి చిత్రకళను గూర్చి నేనెక్కడ ప్రస్తావించినను పెద్దలనుండి మొట్టమొదట వినవచ్చు మాట ఇది. ఈ మాటను నేను త్రోసివేయజాలను. లేపాక్షి ఆలయమంటపపు కప్పుమీది వర్ణచిత్రములను తలయెత్తి చూచినవారికిని, రవివర్మ దేవతాచిత్రముల అచ్చుపటములను పూజాగృహమున నుంచుకొని పెరిగినవారికిని, అంగడిలో అమ్ము ఒక రేకుడబ్బా బొమ్మను చూపి “ఇది గొప్ప చిత్రము” అనినచో కోపము రాకుండునా? మొదట నాకును వచ్చినది. గోడలమీద గీతలు గీయువారినిగూడ కళావేత్తలనగా విని మరింత కోపము వచ్చినది. కాని ఆ బొమ్మలు ఎప్పుడు, ఎవరిచేత, ఏ నిమిత్తమున పుట్టినవో తెలిసికొనిన పిమ్మట నా కోపము కొంత తగ్గి, విచారము కొంత హెచ్చినది. ఆ చరిత్రనే నేడు మీకు మనవి చేయ నెంచితిని.

కథ ఇంగ్లండున మొదలగును. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసినను ఆ దేశమున ఆహారపు రేషను 1954వ సంవత్సరము వరకు సాగెను. చీటి లేనిదే మాంసము దొరకని ఆ దినములలో, అమెరికానుండి వచ్చు పత్రికలనిండ క్రొత్త కారులు, బట్టలుతుకు యంత్రములు, డబ్బాలలో నింపిన ఫలములు రంగురంగుల ప్రకటనలై మెరయుచుండెను. లండనులోని సమకాలీన కళాసంస్థలో 1952 మొదలు కూడుకొనుచుండిన కొందరు యువచిత్రకారులును విమర్శకులును ఈ ప్రకటనలను వేడుకతోను అనుమానముతోను పరిశీలించిరి. చిత్రశాలలలో వ్రేలాడు పటములకంటె ఈ ప్రకటనలే జనుల మనస్సులను ఏలుచున్నవిగదా, వీనిని చిత్రకారుడు చూడనట్లు నటింపవచ్చునా యని వారి ప్రశ్న. వారిలో ఒకడైన రిచర్డు హామిల్టను 1956లో అట్టి పత్రికలలోని బొమ్మలను కత్తిరించి, ఒక ఇంటిలోని గదివలె అమర్చి అతికించి, ఒక చిన్న చిత్రము చేసెను. అందు కండలు తిరిగిన పురుషుడొకడు పెద్ద పుల్లమిఠాయిని పట్టుకొని నిలుచుండును. దానిపై “పాప్” అను అక్షరములు కనబడును. పాపులర్, అనగా జనసామాన్యమున చెల్లునది, అను మాటకును అదే పొట్టిరూపు. ఈ క్రొత్త మార్గమునకు పాప్ కళ యనియే పేరు నిలిచెను.

అమెరికాలో ఈ కళకు మిక్కిలి ప్రసిద్ధి తెచ్చినవాడు ఆండీ వార్హోలు. అతడు 1928లో పిట్సుబర్గు నగరమున ఒక కూలివాని ఇంట పుట్టెను. తలిదండ్రులు నేటి స్లొవేకియా దేశములోని మీకోవా అను పల్లెనుండి వలస వచ్చినవారు. తండ్రి కుమారుని చిన్ననాటనే గతించెను. తల్లి జూలియా పల్లెటూరి ఇల్లాలు. పండ్లు వచ్చిన రేకుడబ్బాలను పారవేయక, వానిని కత్తిరించి పూవులుగా చేసి, ఇల్లిల్లు తిరిగి అమ్మి నాలుగు డబ్బులు సంపాదించెడిది. మధ్యాహ్నము బిడ్డకు డబ్బాలోని సూపును, అనగా కూరలతోనో మాంసముతోనో కాచిన చారువంటి పానీయమును, వెచ్చచేసి పోసెడిది. ఈ రెండు సంగతులను గుర్తుంచుకొనినచో అతని చిత్రములను చూచి నవ్వుట అంత సులభము కాదు.

1949లో న్యూయార్కు చేరి అతడు పాదరక్షల ప్రకటనలకు బొమ్మలు గీసి బ్రదికెను. 1962 జూలైలో లాసేంజిలిసులోని ఒక చిన్న చిత్రశాలలో తన పటములను ప్రదర్శించెను. అవి 32. ప్రతి పటమును 20 అంగుళముల యెత్తు, 16 అంగుళముల వెడల్పు. ప్రతిదానిమీదను ఒకే కంపెనీవారి ఎఱుపు తెలుపు సూపుడబ్బాయే. భేదమంతయు డబ్బాపై వ్రాసిన రుచి పేరులోనే. ఆనాడు ఆ కంపెనీవారు అమ్ముచుండిన రుచులు 32 గనుక పటములును 32. అంగడిలో సరకు పేర్చినట్లే గోడవెంట సన్నని బల్లపై వానిని వరుసగా నిలిపిరి. పొరుగున నున్న వేరొక చిత్రశాలవారు నిజమైన సూపుడబ్బాలను పేర్చి, అసలైనవి మాయొద్దనే చౌకగా దొరకునని పరిహసించిరి. ఒక్కొక్క పటము వెల 100 డాలర్లు. అయిదారింటికి మించి బేరము కుదరలేదు. ప్రదర్శించిన చిత్రశాల యజమాని, పటములు విడిపోరాదని, బేరము కుదిరినవానినిగూడ తిరిగి తీసికొని మొత్తమును తానే 1,000 డాలర్లకు కొనెను. అవియే 1996లో న్యూయార్కులోని ఆధునిక కళాసంగ్రహాలయమును చేరినవి.

ఇందేమి గొప్ప యని మీరడుగవచ్చును. చేతినేర్పు విషయమున గొప్ప లేదని నేనును ఒప్పుకొందును. గొప్ప అంతయు చూపునందున్నది. మన పూర్వులు పూర్ణకుంభమును, పద్మమును, మామిడిపిందెను చెక్కిరి. ఏలన అవి వారి కన్నులయెదుట నిత్యము నుండినవి. వారి బ్రదుకున అర్థము కలవి. ఇరువదవ శతాబ్దిని అమెరికాలో కూలివాని ఇంట నిత్యము కన్నులయెదుట నుండినదేది? పద్మము కాదు, రేకుడబ్బా. ధనికుడు తినునదియు అదియే, బీదవాడు తినునదియు అదియే. అందరికి సమముగా దొరకు ఆ వస్తువు అందరి నాలుకలను ఒకే రుచికి అలవాటు చేయుచున్నదిగదా! కావున ఆ చిత్రము స్తుతియా, నిందయా? వార్హోలు చెప్పలేదు. చూచువాడే తేల్చుకొనవలెనని విడిచిపెట్టెను.

ఆ సంవత్సరమే ఆగస్టునెలలో మేరిలిన్ మన్రో యను సినిమానటి అకాలమరణము పొందెను. వార్హోలు ఆమె ప్రకటన చిత్రమునొకదానిని తీసికొని, పట్టుతెరగుండ సిరాను నెట్టు అచ్చుపద్ధతిని, ఆ ఒక్క ముఖమునే 50 మారులు అచ్చొత్తెను. ఎడమవైపున 25 ముఖములు మిక్కుటమైన రంగులతో మెరయును. కుడివైపున 25 ముఖములు నలుపు తెలుపులలో నుండును. వానిలో ఒకటి సిరా యెక్కువై మసియైనది, వేరొకటి సిరా చాలక వెలిసినది, కడపటివి మాయమగుచున్నట్లున్నవి. ఒకే అచ్చును మరల మరల వేయుట మనకు క్రొత్త కాదు. మచిలీపట్టణము దాపున పెడనలో కలంకారీ అద్దకమువారు కొయ్య అచ్చుతో చేయునది అదియే. అయితే పెడనవారు ప్రతి అచ్చును సమముగా పడవలెనని శ్రమపడుదురు. వార్హోలు సమముగా పడనివానిని అట్లే యుంచెను. లక్షల ప్రతులై చెల్లిన ముఖము వెనుక నున్న మనిషి ఎట్లు చెరిగిపోవునో ఆ వెలిసిన అచ్చులే చెప్పుచున్నవి.

మన దేశమునను ఇట్టి చూపు గలవాడొకడు బయలుదేరెను. భూపేన్ ఖక్కర్ 1934లో బొంబాయిలో పుట్టి, లెక్కల వృత్తి నేర్చి, 1962లో బరోడా చేరి చిత్రకారుడయ్యెను. అంగళ్లలో అమ్ము దేవతాపటములను కత్తిరించి తన చిత్రములలో అతికించెను. 1972లో గడియారములు బాగుచేయువాని దుకాణమును, దర్జీ దుకాణమును చిత్రించెను. రాజులకును దేవతలకును దక్కుచువచ్చిన పటములలో ఆ చిన్న దుకాణదారులకు చోటు దొరికెను.

ఇట్లు పాప్ కళ వీధిలోని వస్తువును చిత్రశాలలోనికి తెచ్చెను. కాని చిత్రశాల తలుపులు వీధిలోని మనిషికి తెరవబడలేదు. డబ్బా లోపలికి పోయెను. ఆ డబ్బాలోని కూడు తిను బిడ్డ బయటనే నిలిచెను. ఆ బిడ్డ గోడమీద వ్రాయ మొదలిడుట మన కథలో రెండవ భాగము.

1970 ప్రాంతమున న్యూయార్కు గోడలమీద “టాకీ 183” అను వ్రాత ఎల్లెడల కనబడజొచ్చెను. గ్రీకుజాతి కుటుంబపు యువకుడొకడు 183వ నంబరు వీధిలో కాపురముండి, కాగితములు చేరవేయు పనిమీద నగరమంతయు తిరుగుచు, పోయినచోటనెల్ల తన ముద్దుపేరును వీధి నంబరును సిరాతో వ్రాయుచుండెను. 1971 జూలైలో న్యూయార్కు టైమ్సు పత్రిక అతనిని గూర్చి వ్రాసినది. పిల్లలనేకులు ఆ దారి పట్టిరి. సిరాకలము పోయి, రంగును తుంపరగా చిమ్ము డబ్బా వచ్చెను. గోడను విడిచి రైలుపెట్టెను పట్టిరి. ఏలన గోడ ఉన్నచోటనే యుండును, రైలుపెట్టె నగరమంతయు తిరిగివచ్చును. రాత్రివేళ రైళ్లు నిలుపు యార్డులలో జొరబడి, తెల్లవారులోగా పెట్టెలను ఈ కొననుండి ఆ కొనవరకు నిలువెత్తు అక్షరములతో నింపిరి. 1979 మొదలు లేడీ పింక్ అను మారుపేరుగల బాలికయు మగపిల్లలతో సమముగా ఈ సాహసమున నిలిచెను. ఆమె ఈక్వడారు దేశమున పుట్టినది.

ఈ పిల్లలలో పెక్కుమంది బీదపేటలవారు, నల్లజాతివారును ప్యూర్టోరికోవారును. 1975లో న్యూయార్కు నగరపాలన దివాలా అంచునకు పోయెను. వేలకొలది ఉద్యోగులను తీసివేసిరి. బ్రాంక్సు పేటలో ఇండ్లు వరుసలు వరుసలుగా కాలి మొండిగోడలు మిగిలెను. ఆ పేటవారిని గూర్చి పత్రికలలో లెక్కలు వచ్చెడివి గాని పేర్లు వచ్చుట అరుదు. అట్టిచోట పదునాలుగేండ్ల కుఱ్ఱవాడు రాత్రి తన పేరు వ్రాసి, మఱునాడు ఆ పేరు ధనికుల పేట మీదుగా పరుగెత్తుట చూచి పొంగిపోవుటలో ఆశ్చర్యమేమి? మన దేవాలయములలో అఖండదీపమునకు గొఱ్ఱెలనిచ్చినవాడును రాతిమీద పేరు చెక్కించుకొనలేదా? పేరు నిలుపుకొను కోరిక మానవునకు సహజము. దాతకు రాయి దొరికెను. ఆ కుఱ్ఱవానికి రైలుపెట్టె దొరికెను.

అయితే రెండవ పక్షమునుగూడ చెప్పుట న్యాయము. ఆ రైళ్లలో దినదినము పనికి పోవు బీదసాదలకు ఈ వ్రాతలు బాధయే యయ్యెను. కిటికీలును దారి తెలుపు పటములునుగూడ రంగులో మునుగుటచే ఏ స్టేషను వచ్చినదో తెలియకుండెను. అది వారి పన్నులతో కొన్న రైలు. నగరమువారు 1972లో శాసనము చేసిరి. పిమ్మట యార్డులచుట్టు ముండ్లకంచెలు వేసి కాపలాకుక్కలను విడిచిరి. కడకు, రంగు పడిన పెట్టెను శుభ్రపరచువరకు నడుపరాదను నియమము పెట్టి, 1989 మే 12న రైళ్లన్నియు శుభ్రమైనవని ప్రకటించిరి. శుభ్రత కోరినవారు కళాద్వేషులనుట తగదు.

ఈ పోరు నడుమనే 1980లో కీత్ హారింగు అను 22 ఏండ్ల చిత్రకారుడు వేరొక దారి కనుగొనెను. భూగర్భ రైలుస్టేషనులలో గడువు తీరిన ప్రకటనలమీద నల్లకాగితము అతికించెడివారు. అతడు సుద్దముక్క కొనివచ్చి ఆ నల్లకాగితముమీద తెల్లగీతలతో బొమ్మలు గీసెను. చుట్టును కిరణములు వెలుగ ప్రాకు పసిపాప, మొఱుగు కుక్క, చేతులెత్తి ఆడు మనుష్యులు అతని బొమ్మలు. దిద్దుటకు వీలులేదు, కాపలావారు వచ్చులోగా ముగింపవలెను. ఒక్కొక్కనాడు నలుబది బొమ్మల వరకు గీసెను. 1985 వరకు ఇట్లు వేలకొలది గీసెను. పోలీసులు పలుమారులు పట్టుకొనిరి. బొమ్మలు తుడుచుకొనిపోయెను, లేదా పైని క్రొత్త ప్రకటన పడెను.

ఆ సుద్దబొమ్మల ఛాయాచిత్రములను చూచినప్పుడు నాకు మన ముంగిటి ముగ్గు జ్ఞప్తికి వచ్చినది. ఇల్లాలు వేకువను ముగ్గు పెట్టునప్పుడు, పొద్దెక్కునప్పటికి అది కాళ్లక్రింద పడి పోవునని ఎఱిగియే పెట్టును. పోవునదేకదా యని చుక్క తప్పునా? గీత వంకర పోనిచ్చునా? నిలుచునదే కళ యనుకొను మనకు మన ఇంటి ఆడువారే వేరొక పాఠము నేర్పుచున్నారు. హారింగు 1990 ఫిబ్రవరిలో, 31 ఏండ్ల వయస్సున, ఎయిడ్సు వ్యాధిచే మరణించెను.

అతని మిత్రుడు జాన్ మిషేల్ బాస్కియా 1960లో బ్రూక్లినులో పుట్టెను. తండ్రి హైతీవాడు, తల్లి ప్యూర్టోరికో సంతతిది. 1978 ప్రాంతమున అతడు ఒక స్నేహితునితో కూడి “సేమో” అను మారుపేరుతో గోడలమీద చిన్నచిన్న వ్యంగ్యవాక్యములు వ్రాసెను. కొలది యేండ్లలో చిత్రశాలలే అతనిని వెదకికొనుచు వచ్చినవి. వార్హోలుతో చెలిమి కుదిరి, ఇద్దరును ఒకే పటముమీద కలిసి చిత్రించిరి. డబ్బా గీసిన చేయియు, గోడ వ్రాసిన చేయియు అక్కడ కలిసెను.

ఇక నా విచారము హెచ్చుటకు కారణమైన సంగతి చెప్పుదును. 1983 సెప్టెంబరు 15 తెల్లవారుజామున మైకేల్ స్టూవర్టు అను 25 ఏండ్ల నల్లజాతి యువకుని, రైలుస్టేషను గోడమీద వ్రాసెనను ఆరోపణపై పోలీసులు పట్టుకొనిరి. ఆస్పత్రికి చేర్చునప్పటికి అతనికి స్పృహ లేదు. 13 దినములకు మరణించెను. ఆరుగురు అధికారులపై విచారణ జరిగి 1985లో అందరును నిర్దోషులని విడుదలైరి. ఆ వార్త విని చలించిన బాస్కియా, హారింగు పనిగది గోడమీద ఒక బొమ్మ వ్రాసెను. ఇద్దరు పోలీసులు కఱ్ఱలెత్తియుందురు. వారి నడుమ ముఖము లేని నల్లని నీడవలె ఒక మనిషి నిలుచుండును. పైని “డిఫేస్‌మెంట్” అను ఇంగ్లీషుమాట స్పానిషు పోలికగల రూపమున, ప్రశ్నార్థకముతో నుండును. గోడను పాడుచేయుటకు ఇంగ్లీషున ఆ మాట; ముఖమును చెఱుపుట యనియు అందు ధ్వని గలదు. పాడైనది గోడయా, మనిషియా అని ఆ మాట అడుగుచున్నది. ఆ బొమ్మ అమ్ముటకు గీసినది కాదు. హారింగు పిమ్మట ఆ గోడముక్కను కోయించి తన పడకకు పైని వ్రేలాడదీసికొనెను. 2019లో న్యూయార్కులోని గుగ్గెన్‌హైము సంగ్రహాలయమువారు ఆ ఒక్క చిత్రము ప్రధానముగా ఒక ప్రదర్శన నడపిరి.

బాస్కియాయు 1988 ఆగస్టులో 27 ఏండ్లకే గతించెను. అతడు 1982లో గీసిన ఒక శిరస్సు చిత్రము 2017 మేనెలలో న్యూయార్కు వేలమున 11 కోట్ల 5 లక్షల డాలర్లకు పోయెను. గోడమీది గీతకు ఒకని ప్రాణము పోయెను. గోడనుండి వచ్చిన చేతి గీతకు ఒకచోట ఇంత ధనము పోసిరి. ఈ రెండు వెలలును ఒకే నగరమున, ఒకే తరమువారికి సంబంధించినవి. చిత్రము మంచిదా చెడ్డదా యను ప్రశ్నకంటె, ఎవని గీతను మనము గీతగా ఎంచుదుము, ఎవని గీతను మురికిగా ఎంచుదుము అను ప్రశ్న పెద్దదని నాకు అప్పుడు తోచినది.

ఈ ప్రశ్న న్యాయస్థానమునకును ఎక్కెను. న్యూయార్కులోని క్వీన్సు భాగమున ఫైవ్ పాయింట్జ్ అను పాత కర్మాగారము గోడలపై, యజమాని అనుమతితోనే, చిత్రకారులు ఏండ్ల తరబడి బొమ్మలు వేసిరి. దూరదేశముల జనులు వచ్చి చూచెడివారు. యజమాని ఆ కట్టడమును పడగొట్టి ఇండ్లు కట్టదలచెను. 2013 నవంబరులో ఒక రాత్రి గోడలన్నిటికి తెల్లరంగు పూయించెను. చిత్రకారులు వ్యాజ్యము వేసిరి. 2018లో న్యాయస్థానము 21 మంది చిత్రకారులకు 67 లక్షల 50 వేల డాలర్ల పరిహారమిప్పించెను. 2020లో పై న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపరచెను. గోడ యజమానిదే, పడగొట్టుకొను హక్కును అతనిదే. కాని పేరుగాంచిన చిత్రమును చెఱుపుటకు ముందు దానిని వేసినవానికి తగిన గడువుతో తెలుపవలెనని 1990 నాటి అమెరికా శాసనము చెప్పుచున్నది. ఆ తెలుపుట లేకపోవుటయే తప్పైనది.

మన హైదరాబాదునను హుస్సేనుసాగరము దాపున మక్తా అను పేటలో 2016 మొదలు చిత్రకారులు ఇండ్ల గోడలపై పెద్ద బొమ్మలు వేసిరి. ఆ గోడలు సామాన్యుల ఇండ్లవే. ఆ బొమ్మలు చూచుటకు టిక్కెట్టు లేదు, వాకిట భటుడు లేడు. పాలకు పోవు పిల్లయు, కూరలబండి త్రోయువాడును నిలిచి చూడవచ్చును.

ఇక, ఇట్టి చిత్రము ఎదురైనప్పుడు ఎట్లు చూడవలెనని అడుగుదురేని, నేను పాటించు పద్ధతి చెప్పుదును. మొదట, ఇది దేనిని చూపుచున్నదని అడుగుకొందును. దినమును చూచుచు చూడక విడిచిన వస్తువేదైన ఇందున్నదా యని వెదకుదును. రెండవది, ఎక్కడ నున్నదని చూతును. సుద్దబొమ్మ స్టేషనులో నొక యర్థమిచ్చును, అద్దము వెనుక వేరొక యర్థమిచ్చును. మూడవది, గీసినవానికి వేరుచోట మాటాడు వీలున్నదా యని విచారింతును. ఈ మూడును అడిగిన పిమ్మటగూడ నచ్చకపోయినచో నచ్చలేదని చెప్పుటకు సంకోచింపను. పరుని ఇంటిగోడను పాడుచేసి, చెప్పుటకేమియు లేని గీతలు పెక్కు గలవు. సున్నము కొట్టించిన మఱునాడే గోడమీద సినిమా కాగితమో, ఎన్నికల నినాదమో చూచి బాధపడిన ఇంటివారి దుఃఖము నేనెఱుగుదును.

కాని ఒక్క మనవి. రేపు మీ ఊరి బడిగోడమీద ఎవడో కుఱ్ఱవాడు బొగ్గుతో ఒక బొమ్మ గీసినచో, సున్నపు కుండ తెప్పించుటకు ముందు ఒక్క నిమిషము నిలిచి చూడుడు. వానిని పిలిచి, ఏమి గీసితివని అడుగుడు. గోడ తుడువవలసివచ్చినను వానికి చెప్పి తుడువుడు. వీలైనచో వేరొక గోడ చూపుడు. అప్పుడు “ఇది మా మనుమడును గీయగలడు” అను మాట మీ నోట మరల వచ్చినను, అందు పరిహాసము కొంత తగ్గి, ఆ మనుమని చేతిపై ఆదరము కొంత కలియునని నా ఆశ.